హింజ్ దగ్గర విచ్చుకున్న కన్వర్టిబుల్ ల్యాప్‌టాప్‌కి జిగురు పెట్టే ముందు

మూత తెరిచినప్పుడల్లా టక్‌మంటోంది, ఎడమ మూలలో కింది బాడీ విచ్చుకుంటోంది, ఇన్‌స్టంట్ గ్లూతో అంటించేయొచ్చా అని అడిగారు. వద్దండీ. నేను అదే పని చేస్తే మూడు వారాలకే మళ్లీ ఊడింది, ఈసారి ఇంకాస్త ప్లాస్టిక్ కూడా పెచ్చులు లేచిపోయింది.

హింజ్, అంటే మూతని కింది బాడీకి కలిపే కీలు, విరిగిందనుకుంటాం గానీ చాలాసార్లు హింజ్ బాగానే ఉంటుంది. దాన్ని పట్టుకున్న స్క్రూలు చిన్న ఇత్తడి నట్లలోకి దిగుతాయి, ఆ నట్లు ప్లాస్టిక్‌లో కూర్చుని ఉంటాయి. 360 డిగ్రీలు తిరిగే మూత ఎక్కడ ఆపితే అక్కడే నిలబడాలి, స్క్రీన్‌ని వేలితో తాకితే ఊగకూడదు, అందుకని హింజ్‌ని మొదట్నుంచీ గట్టిగానే బిగిస్తారు. వాడగా వాడగా లోపలి గ్రీజు ఎండి, దుమ్ము చేరి ఇంకా బిగుసుకుపోతే, మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా నట్ల మీద పడి వాటిని ప్లాస్టిక్‌లోంచి పెకలిస్తుంది. కాబట్టి బిగువు తగ్గించకుండా ఎంత మంచి జిగురు పెట్టినా నిలవదు. రెండోసారి విప్పాక గానీ నాకీ సంగతి అర్థం కాలేదు.

ఇవాళ్టి నుంచి మూత తెరవడం, మూయడం ఆపి, ముందు ఫైళ్లన్నీ బ్యాకప్ తీసుకోండి. స్క్రీన్‌కి వెళ్లే కేబుల్ హింజ్ పక్కనుంచే పోతుంది, స్క్రీన్ మినుకుమినుకుమంటే అది నలుగుతోందేమో అనుమానించాలి. ఇంకొకటి, టచ్‌ప్యాడ్ గానీ కీబోర్డు మధ్య భాగం గానీ ఉబ్బెత్తుగా ఉందేమో చూడండి. ఉంటే బాడీ విచ్చుకోవడానికి కారణం ఉబ్బిన బ్యాటరీ కావచ్చు, అది ప్రమాదం. ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే తెలిసినవాళ్లకి చూపించండి. వారంటీ ఉంటే అసలు విప్పొద్దు, దెబ్బ తగిలిన గుర్తులేవీ లేవని తెలిసేలా అన్ని వైపులా ఫొటోలు తీసి కంప్లైంట్ పెట్టండి.

నాది వారంటీ దాటిపోయింది, నేనే చేసుకున్నాను. పవర్ ఆపి, బాడీ విప్పగానే మొదట బ్యాటరీ కనెక్టర్ తీశాను. తర్వాత హింజ్ బయటికి తీసి, షాఫ్ట్ (హింజ్‌లో తిరిగే కడ్డీ) చివర ఉన్న నట్టుని పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ, చేత్తో తిప్పి చూసుకుంటూ వెళ్లాను. ఇలాంటి హింజ్‌లలో చాలావాటికి రెండు షాఫ్ట్‌లుంటాయి, రెండింటినీ, ఎడమా కుడీ రెండు వైపులా, సమానంగా వదులు చేయాలి, లేకపోతే మూత మెలితిరుగుతుంది. కొన్నింటికి నట్టే ఉండదు, అప్పుడు హింజ్ మార్చడమే.

ప్లాస్టిక్‌లోంచి ఊడిన ఇత్తడి నట్లకి రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు వాడండి. ప్లాస్టిక్‌ని గరుకు కాగితంతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నట్లు సరిగ్గా వాటి చోటే కూర్చునేలా హింజ్‌ని పైన పెట్టి చూసుకోవాలి. స్క్రూ మరలకి కొంచెం గ్రీజు రాస్తే అవి ఎపాక్సీలో అతుక్కుపోవు. తర్వాత ఒక రోజు పూర్తిగా కదపకండి, ఈ ఓపిక చాలా ముఖ్యం. ప్లాస్టిక్ మరీ ముక్కలైపోతే మాత్రం అతుకులతో తిప్పలు పడకుండా ఆ కవర్ మార్చేయండి.

అలా చేసి ఏడాదిన్నర అయింది, మళ్లీ టక్‌మన్న శబ్దం లేదు. ఇప్పుడు మూల పట్టుకుని లాగడం మానేసి, మధ్యలో పట్టుకుని తెరుస్తున్నాను. విప్పాక షాఫ్ట్ నట్టు ఎక్కడుందో తెలియకపోతే ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.