పాఠకుల ప్రశ్నలు: డిజైనర్‌కు ప్రయాణం ఏం నేర్పుతుంది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. సెలవుల్లో నా తోటివాళ్లు పారిస్, ఇస్తాంబుల్ వెళ్లివచ్చి, అక్కడ చూసినవాటితో కొత్త డిజైన్లు గీస్తున్నారు. నేను మా జిల్లా దాటింది తక్కువ. ఇంట్లో పని గురించి క్లాసులో చెప్పడానికి కూడా జంకుతాను. దేశాలు తిరగకుండా మంచి డిజైనర్‌ని కాగలనా?
— ఒక విద్యార్థిని, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: తప్పకుండా కాగలరు. అయితే ప్రయాణం అవసరం లేదని నేను చెప్పను. ఏ ప్రయాణం ముందు, ఏది తరువాత అన్నదే మీరు ఆలోచించుకోవాలి.

ఈ విషయం వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చే పేరు ఫ్యాషన్ డిజైనర్ కెంజో తకాదా. 1939లో జపాన్‌లోని హిమేజీలో పుట్టిన ఆయన, టోక్యో ఒలింపిక్స్ కోసం తానుంటున్న భవనాన్ని కూల్చినప్పుడు వచ్చిన పరిహారం డబ్బుతో 1964లో ఓడ ఎక్కి, హాంకాంగ్, సైగాన్, బొంబాయి వంటి రేవుల్లో ఆగుతూ ఫ్రాన్స్ చేరుకున్నారు. 1970లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచేనాటికి ఖరీదైన బట్ట కొనే స్తోమత లేక, సంతలో దొరికిన చవక గుడ్డలనే తెచ్చి, పువ్వుల పక్కన గళ్లు, గళ్ల పక్కన చారలు చేర్చి కుట్టారు. ఆ రంగుల ధైర్యంలో దారిలో చూసిన రేవులు ఉన్నాయని నేను నమ్ముతాను. కానీ ఆ బట్టలు నిలబడింది కత్తిరింపు వల్ల. డార్టులు (గుడ్డను లోపలికి మడిచి వేసే కుట్లు) వేసి ఒంటికి బిగించే ఐరోపా పద్ధతిని పక్కనపెట్టి, జపాన్ సంప్రదాయ దుస్తు కిమోనోలోని తిన్నని కోతను, వదులుతనాన్ని ఆయన పారిస్ వీధుల్లోకి తెచ్చారు. ఇంటి నుంచి తీసుకువెళ్లిన పద్ధతి ఒకటి చేతిలో ఉండబట్టే దారిలో కనిపించినవన్నీ అందులో ఇమిడాయి.

మీ చేతిలోనూ అటువంటి పద్ధతి ఉంది. ఆసు పోయడం మీరు చిన్నప్పటినుంచి చూసే ఉంటారు. అర్ధచంద్రాకారపు చట్రానికి వరుసగా ఉన్న మేకుల చుట్టూ ఒక్కొక్క పోగునూ తిప్పుతూ, ఒక చీరకు కొన్ని వేలసార్లు చెయ్యి చాచి వెనక్కి తీసుకోవాలి. తల్లి భుజాలు పడే ఆ నొప్పిని చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసిన తరువాత నూలు మీద గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మరో రంగు కోసం మళ్లీ కడతారు. ఎంత బిగించి కట్టినా కట్టు కిందికి రంగు రవ్వంత పాకుతుంది. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. పోచంపల్లి బుటా అంచు ఈకలా చెదిరినట్టు కనిపించడానికి కారణం అదే. కంప్యూటర్ మీద ఆ అంచును గీసి ప్రింటు చేయించే డిజైనర్లు చాలామంది ఉన్నారు, అది ఎక్కడినుంచి వస్తుందో చెప్పగలిగినవాళ్లు కొద్దిమందే. క్లాసులో జంకకుండా చెప్పండి, వీలైతే ఒక ఆసును తీసుకువెళ్లి చూపించండి.

ఇక ప్రయాణాల విషయం. మొదటిది పుట్టపాక. అక్కడ తేలియా రుమాలు కోసం పడుగును (నిలువు పోగులను), పేకను (అడ్డ పోగులను) రెండింటినీ కట్టి రంగు వేస్తారు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల తొక్కల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెడతారు. రెండోది చీరాల, ఎందుకంటే ఎరుపు, నలుపు, తెలుపు రంగుల ఆ రుమాళ్లు ఒకప్పుడు అక్కడినుంచే అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లేవి. ఆ తరువాత ఒడిశాలోని నువాపట్న. అక్కడ మీ ఊరికంటే తక్కువ పోగులను ఒక్కో కట్టుగా కట్టడం వల్ల చేపలు, తీగలు, అక్షరాలు కూడా వంపులు తిరిగి వస్తాయి. గుజరాత్‌లోని పాటన్‌లో పటోలా పట్టుచీరల నేత చూడండి. ఇవన్నీ రైలులో వెళ్లగలిగే చోట్లు. ఏనాడైనా బాలి ద్వీపంలోని తెంగానన్‌కో, ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్‌కో వెళ్లే అవకాశం వస్తే, అక్కడ ఇలాగే పోగులను కట్టి రంగు వేసి నేసే బట్టలను చూసి మీరు అడిగే ప్రశ్నలు మరో పర్యాటకుడు అడగలేనివిగా ఉంటాయి.

మరొక్క మాట. డిజైన్‌ను మార్చే ప్రయాణం ఎప్పుడూ డిజైనర్‌దే కానక్కరలేదు. మచిలీపట్నం అద్దకంలో పర్షియా తీగలు, సైప్రస్ చెట్లు చేరింది అక్కడి పనివారు పర్షియా వెళ్లడం వల్ల కాదు. గోల్కొండ దర్బారు, ఓడల మీద వచ్చిన వర్తకులు ఆ అభిరుచిని తీరానికి తెచ్చారు. భారతదేశపు అద్దకం బట్టలు ఐరోపాలో ఎంతగా చొచ్చుకుపోయాయంటే, తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. మీరు ఊళ్లోనే ఉన్న రోజుల్లో, మీ బట్ట ఎవరి ఒంటి మీదికి వెళుతుందో, వాళ్లు దాన్ని ఎలా కట్టుకుంటారో అడిగి తెలుసుకోవడం కూడా ఈ చదువులో భాగమే.

ప్రశ్న: ఈమధ్య నాగాలాండ్ వెళ్లాను. అక్కడి శాలువల మీది గుర్తులు నన్ను వదలడం లేదు. వాటిని జాకెట్ల మీద ప్రింటు చేసి చిన్న కలెక్షన్ తేవాలనుకుంటున్నాను. ఇది తప్పా?
— ఒక యువ డిజైనర్, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఆ శాలువ ఏది, ఎవరిది అన్నది తెలుసుకోండి. ఉదాహరణకు ఆవో నాగాల త్సుంగ్‌కోటెప్సు శాలువను తీసుకుందాం. ఎరుపు, నలుపు చారల మధ్య ఒక తెల్లని పట్టీ ఉంటుంది. దాని మీది మిథున్ (ఈశాన్య కొండల్లో పెంచే, అడవిదున్నను పోలిన పశువు), ఏనుగు, ఈటె, మనిషి తల బొమ్మలు నేసినవి కావు, చేత్తో చిత్రించినవి. పూర్వం దాన్ని కప్పుకునే అర్హత యుద్ధంలో శత్రువు తల తెచ్చినవాడికో, మిథున్‌ను బలి ఇచ్చి ఊరంతటికీ విందు చేసినవాడికో మాత్రమే ఉండేది. దాన్ని జాకెట్ వీపు మీద ముద్రించడం, ఒకరు సంపాదించుకున్న బిరుదును మరొకరి పేరు ముందు తగిలించినంత పని. అందువల్ల నా సమాధానం సూటిగా ఇదే: అటువంటి గుర్తులను ప్రింటు చేయకండి.

చూసినదాన్ని వాడుకోకూడదని నేను అనడం లేదు. నడుముకు కట్టుకునే చిన్న మగ్గం మీద సన్నని పట్టీలుగా నేసి, తరువాత వాటిని పక్కపక్కన చేర్చి కుట్టే అక్కడి పద్ధతి నుంచి ఒక డిజైనర్ ఎంతో నేర్చుకోవచ్చు. నేసే ఆవిడతో మాట్లాడి, ఏ నమూనా బయటివాళ్లకు అమ్మదగినదో ఆవిడ నోటనే విని, ఆవిడ చేతనే నేయించి, బట్ట మీద ఆ ఊరి పేరు వేయండి. ఈ పని చేయనందుకు పెద్ద సంస్థలే ఇబ్బంది పడ్డాయి. 2025 జూన్‌లో మిలాన్ ప్రదర్శనలో ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా చూపించిన చెప్పులు కొల్హాపురివేనని మనవాళ్లు వెంటనే గుర్తుపట్టారు. విమర్శలు వెల్లువెత్తాకే ఆ సంస్థ వాటికి భారతీయ చెప్పులే ప్రేరణ అని ఒప్పుకుని, తన బృందాన్ని కొల్హాపూర్ పంపింది. వెళ్లవలసినది ముందే కదా! మీరు ఒకసారి వెళ్లివచ్చారు కాబట్టి, రెండోసారి వెళ్లి అడగడం మీకు కష్టం కాకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో డిజైన్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఆంధ్రలో అయిదారు చేనేత ఊళ్లు చుట్టి రావాలంటున్నాడు. ఎక్కడికి పంపమంటారు?
— ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అయిదారు వద్దండీ, ఒక్క ఊరు చాలు. నన్నడిగితే సన్నని ఖాదీకి పేరుపడ్డ పొందూరు పంపండి. వడకడానికి ముందు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్లు పత్తిలోని నలుసులను తీసివేస్తాయి. అంత సన్నని నూలు ఎలా వస్తుందో పక్కన కూర్చుని చూస్తేనే అర్థమవుతుంది. రంగుల మీద ఆసక్తి ఉంటే కలంకారీ పని చూడటానికి శ్రీకాళహస్తి వెళ్లమనండి. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద కలంతో గీత గీస్తే, మొదట లేతగా కనిపించిన ఇనుప సిరా చూస్తుండగానే నల్లబడుతుంది.

అబ్బాయికి తెలుగు ధారాళంగా రాకపోతే, ఊళ్లో మాట్లాడించగలిగే బంధువును ఎవరినైనా వెంట పంపండి. పని నేర్పేవాళ్లకు ఆ రోజుల్లో సొంత పని ఆగిపోతుంది కనుక, వాళ్లకు పడే కూలికి తగ్గకుండా డబ్బు ఇవ్వమని, ఆ మాట వెళ్లిన మొదటిరోజే మాట్లాడుకోమని చెప్పండి.