బంటుకు క్లాసు అక్కర్లేదు

ప్రశ్న: సార్, మాది మధురవాడ. ఫైనలియర్ ప్రాజెక్టుకి జావాలో చెస్ ఇంజిన్ (చెస్ ఆడే ప్రోగ్రామ్) రాస్తున్నాను. పీస్ (పావు) అనే క్లాసు, దాని కింద బంటు, గుర్రం, ఏనుగు అంటూ ఇన్‌హెరిటెన్స్‌తో చేశాను. 5 ఎత్తుల లోతుకి వెళ్లేసరికి నిమిషాలు పడుతోంది. క్లాసులన్నీ తీసేసి ఉత్త ఫంక్షన్లతో రాయమని అన్నయ్య అంటున్నాడు. ఓఓపీ (క్లాసులు, ఆబ్జెక్టులతో రాసే పద్ధతి) లేకపోతే మార్కులు పోతాయని గైడ్ మేడమ్ అంటున్నారు. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇద్దరి మాటా నిలబెట్టొచ్చమ్మా. సిరిపురంలో నా దగ్గరికి చెస్ ప్రాజెక్టుతో వచ్చే పిల్లల్లో చాలామంది ముందు గుర్రానికి క్లాసు రాసుకునే వస్తారు. జంతువు, కుక్క, పిల్లి అంటూ పాఠాల్లో నేర్చుకున్నదే ఇక్కడా చేస్తారు.

కానీ గుర్రం తన ఎత్తు తాను నిర్ణయించుకోగలదా? అది కదిలితే వెనకున్న రాజుకి చెక్ పడుతుందా అన్నది బోర్డుకే తెలుసు. క్యాస్లింగ్ అనే ఎత్తులో రాజు, ఏనుగు ఇద్దరూ ఒకేసారి కదులుతారు. రెండు గడులు దూకిన బంటుని పక్క బంటు చంపే ఎన్ పాసాన్ చెల్లాలంటే ఎదుటివాడి కిందటి ఎత్తు తెలియాలి. ప్రతిదానికీ బోర్డునే అడగాల్సిన ఆబ్జెక్టుకి సొంత తెలివంటూ ఏముంది? వేగం సంగతి పక్కన పెట్టినా ఆ డిజైన్ నాకు నచ్చదు.

అందుకే క్లాసు బోర్డుకి పెట్టు. లోపల మాత్రం అంకెలే ఉండనీ. గడులు 64, జావాలో లాంగ్ అనే అంకెకి బిట్లూ 64. పావున్న గడికి 1, లేనిదానికి 0. రంగుకి ఆరు రకాల చొప్పున 12 లాంగ్‌లతో పావులన్నీ సర్దుకుంటాయి. తెల్ల బంట్ల లాంగ్‌ని 8 బిట్లు ముందుకు జరిపి, ఖాళీ గడుల లాంగ్‌తో యాండ్ చేసి (రెండిట్లోనూ 1 ఉన్న బిట్లే మిగిల్చి) చూడు. ఒక అడుగు వేయగల బంట్లన్నీ ఎక్కడికి వెళ్తాయో ఒక్క దెబ్బకి వచ్చేస్తుంది, లూపే అక్కర్లేదు. నాకైతే ఇప్పటికీ అది చూస్తే ముచ్చటేస్తుంది. ఎత్తుని కూడా ఒక్క అంకెలో పెట్టొచ్చు: బయల్దేరిన గడికి 6 బిట్లు, చేరే గడికి 6, ప్రత్యేక ఎత్తులకి 4.

ఎత్తు ఎత్తుకీ బోర్డు కాపీ తీస్తున్నావేమో చూసుకో. ఆట మొదటి స్థితి నుంచి 5 ఎత్తుల లోతులో ఎత్తుల వరసలే 48,65,609 ఉంటాయి. ఫలితాన్ని మార్చలేని వరసల్ని వదిలేసే ఆల్ఫా-బీటా పద్ధతి చాలావాటిని కత్తిరించినా, మిగిలిన ప్రతి చోటా కొత్త ఆబ్జెక్టులు పుడుతుంటే మెమరీ ఊడ్చుకోవడానికే టైము పోతుంది. ఒకే బోర్డు మీద ఎత్తు వేయి, వెనక్కి తీయి. చంపిన పావు, క్యాస్లింగ్ హక్కులు, ఎన్ పాసాన్ గడి, 50 ఎత్తుల డ్రా నియమం లెక్క మాత్రం దాచుకుంటే చాలు.

మేడమ్‌కి స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ కోడు చూపించు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిందే. అందులో పొజిషన్ క్లాసు ఉంది, పావు మాత్రం ఉత్త అంకె. లోపలి బిట్లు బయటివాళ్లకి కనిపించకుండా దాచడం ఎన్‌క్యాప్సులేషనే కదా! సెర్చ్‌ని, విలువ కట్టే భాగాన్ని కూడా విడి క్లాసులుగా పెట్టు.

మార్చాక ముందు ఎత్తుల లెక్క సరిచూడు. మొదటి స్థితి నుంచి వరసగా 20, 400, 8,902, 1,97,281 రావాలి. అవి సరిపోయాయని ఆగిపోకు, ఆ 4 ఎత్తుల్లో క్యాస్లింగూ రాదు, ఎన్ పాసానూ రాదు. కివిపీట్ అనే పరీక్ష స్థితి పెట్టి 48, 2,039, 97,862 వస్తున్నాయో లేదో చూశాకే సెర్చ్ జోలికి వెళ్లు.