పిక్కలు పట్టేస్తుంటే మడమను నేలకు ఆననివ్వండి

పరుగులో మునివేళ్ల మీద దిగాలా, మడమ మీద దిగాలా అని అడిగారు కదా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మునివేళ్ల మీద పరుగెత్తడం ఆపేయండి. ఇదివరకు మీకు మడమే ముందు ఆనేదని మీరే రాశారు, అలాగే ఆననివ్వండి. మడమ తగిలితే మోకాళ్లు అరిగిపోతాయని ఎవరో వీడియోలో చెప్పగా మీరు ఉన్నపళంగా పద్ధతి మార్చారు. ఇప్పుడు పిక్కలు బిగుసుకుపోయి మెట్లు దిగడమే కష్టంగా ఉందంటున్నారు. ఇందులో మీ శరీరం తప్పేమీ లేదు. కొత్త పని ఒక్కసారిగా నెత్తిన పడితే ఏ కండరమైనా అలాగే మొరాయిస్తుంది.

నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. మా ఆఫీసుల్లోని తెలుగువాళ్లం కొందరం ఆదివారం ఉదయాన్నే కబ్బన్ పార్కులో పరుగెడతాం. వయసు ఇరవై నుంచి అరవై దాకా. ఈ పాదం చర్చ కొత్తగా ఎవరు చేరినా మళ్లీ మొదలవుతుంది, ఇడ్లీలు వచ్చేదాకా తెగదు.

అసలు విషయం ఇది. పరుగులో ప్రతి అడుగుకూ మన బరువుకు రెండింతలకు పైగానే భారం కాలి మీద పడుతుంది. డెబ్బై కిలోల మనిషికి 140 కిలోల పైమాటే. దాన్ని ఎవరో ఒకరు మోయాలి. మడమ ముందు ఆనితే ఎక్కువ పని మోకాలికీ దాని చుట్టూ ఉన్న కండరాలకూ పడుతుంది. ముందుపాదం ఆనితే పిక్కకూ, పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయువుకూ, పాదంలోని సన్నని ఎముకలకూ పడుతుంది. భారం మాయం కాదు, చోటు మారుతుందంతే. మోకాలి నొప్పి ఉన్నవాడికి ఈ మార్పు మేలు చేయవచ్చు. ఏ నొప్పీ లేని మీకు అది కొత్త నొప్పిని తెచ్చిపెట్టింది.

మునివేళ్ల వాదానికి ఆధారమే లేదని అనను. 2010లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్మన్ బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. చిన్నప్పటి నుంచి వట్టి కాళ్లతో పరుగెత్తేవాళ్లు, కెన్యావాళ్లతో సహా, ఎక్కువగా ముందుపాదం మీద దిగుతున్నారని, మడమ తగిలినప్పుడు కనిపించే తొలి కుదుపు వాళ్లలో దాదాపు కనిపించడం లేదని అందులో తేలింది. దాంతో ప్రపంచమంతా బూట్లు విప్పేయడానికి సిద్ధపడింది. అయిదు వేళ్లకూ విడివిడిగా తొడుగులున్న వైబ్రమ్ షూలు ఆ గాలిలోనే బాగా అమ్ముడయ్యాయి. ఆరోగ్యానికి మేలని చేసిన ప్రచారానికి తగిన రుజువు లేదంటూ వేసిన దావాలో, తప్పు ఒప్పుకోకుండానే, ఆ సంస్థ 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీపడింది. వీడియోలవాళ్లు ఈ రెండో భాగం చెప్పరు.

2013లో అదే కెన్యాలో, ఉత్తరాన ఉండే దాసనాచ్ తెగవాళ్లను పరిశీలించినప్పుడు, వాళ్లూ వట్టి కాళ్లవాళ్లే అయినా, తమకు నచ్చిన మామూలు వేగంలో ఎక్కువ మంది మడమ మీదే దిగారు. వేగం పెంచినప్పుడు మాత్రం మడమ వాడకం తగ్గింది. జపాన్‌లో 2004 సప్పొరో హాఫ్ మారథాన్‌లో 15వ కిలోమీటరు దగ్గర పేరున్న పరుగువీరుల పాదాలను చిత్రీకరిస్తే, నలుగురిలో ముగ్గురు మడమవాళ్లే. ముందు వరసలో ఉన్నవాళ్లలో పాదం మధ్యభాగం మీద దిగేవాళ్లు కాస్త ఎక్కువన్నది కూడా నిజమే. కానీ వాళ్లు అలా దిగడం వల్ల వేగంగా ఉన్నారా, వేగంగా ఉండడం వల్ల అలా దిగుతున్నారా? వంద మీటర్లు శక్తికొద్దీ పరుగెత్తి చూడండి, మీ మడమ దానంతటదే పైకి లేస్తుంది. లాల్‌బాగ్ బండ మీదికి ఎక్కేటప్పుడూ అంతే.

కాబట్టి పాదంలో ఏ భాగం ముందు తగులుతోందన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. పాదం ఒంటికి ఎంత ముందుగా పడుతోందన్నది మొదటిది. మోకాలు చాచి, కాలు ఒంటికి బాగా ముందు వేసి దిగేవాడు, అడుగడుగునా బ్రేకు తొక్కుతూ బండి నడిపేవాడితో సమానం. ఆ దెబ్బ ముంగాలి ఎముకకూ మోకాలి చిప్పకూ తగులుతుంది. అదే మడమ, మోకాలు కాస్త వంగి ఉండగా, తుంటికి కొంచెం ముందు మెత్తగా ఆనితే పెద్ద ఇబ్బంది లేదు. మునివేళ్ల మీద దిగుతూ కూడా పెద్ద పెద్ద అంగలు వేసేవాళ్లున్నారు. వాళ్లు బ్రేకూ వేస్తున్నారు, పిక్కనూ చంపుకుంటున్నారు.

మా బావమరిది సంగతి చెబుతాను. మోకాలి ముందు భాగంలో నొప్పి అని నెలల తరబడి అంటుంటే, కబ్బన్ పార్కులో ఎర్రగా కనిపించే గ్రంథాలయ భవనం ముందు దారిలో పరుగెత్తించి, పక్క నుంచి ఫోనులో స్లో మోషన్‌లో తీశాను. పాదం మోకాలి కన్నా ఎంతో ముందు పడుతోంది, కాలు నిటారుగా చాచి ఉంది. పాదం జోలికి మేము పోలేదు. అంగ తగ్గించి, అడుగుల సంఖ్య పెంచమన్నాను. అతనికి అది మొదట అవమానంగా తోచింది. చిన్న అడుగులేస్తే ముసలాళ్లలా కనిపిస్తానంటాడు! కొన్ని వారాలకు నొప్పి తగ్గింది. ఇప్పటికీ మడమే ముందు ఆనుతుంది, చప్పుడు మాత్రం సగమైంది.

ఇది మా బావమరిది ఒక్కడి మాటే కాదు. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసిన పరిశోధనలో, వేగం మార్చకుండా నిమిషానికి వేసే అడుగులను 5 శాతం పెంచితేనే మోకాలు మోసే భారం గణనీయంగా తగ్గింది. 10 శాతానికి తుంటి మీదా తగ్గింది. మీ లెక్క తెలుసుకోవడం తేలిక. మామూలు వేగంలో పరుగెడుతూ అరనిమిషంలో కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చించండి. 160 వచ్చిందనుకోండి, 168కి తీసుకురండి, చాలు. 180 ఉండి తీరాలని చెప్పేవాళ్లు ఎదురవుతారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోచ్ జాక్ డేనియల్స్ మేటి పరుగువీరుల అడుగులు లెక్కపెడితే దాదాపు అందరివీ 180, అంతకు మించి ఉన్నాయి. అది పోటీ వేగం, వాళ్ల కాళ్లు. కిలోమీటరుకు ఏడు నిమిషాలు తీసుకునే మనకు అదే కొలబద్ద ఎందుకు?

అడుగు సరిగ్గా ఎక్కడ పడాలో కాలికి తెలియజేయడానికి ఒక చిన్న పని ఉంది. నిలబడిన చోటే పరుగెత్తండి. పాదం ఒంటి కిందే పడుతుంది, వేరే దారి లేదు. అలాగే పరుగెడుతూ నడుము వంచకుండా చీలమండల దగ్గర నుంచి ఒళ్లంతా కొంచెం ముందుకు వాల్చండి. మీరు ముందుకు కదులుతారు, అంగ దానంతటదే చిన్నదవుతుంది. కబ్బన్ పార్కు మట్టి దారిలోనో, కైకొండ్రహళ్లి చెరువు చుట్టూనో చేయండి. రింగు రోడ్డు పక్కన పగిలిన పలకల మీద మాత్రం వద్దు, అక్కడ కళ్లకే పని చాలు.

ముందుగా పిక్కలకు కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వండి, నడక చాలు. పాదంలోనో ముంగాలిలోనో ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి పుడుతోందా, రాత్రి పడుకున్నా సలుపుతోందా? అయితే అది కండరం సంగతి కాకపోవచ్చు. పరుగు పూర్తిగా మానేసి ఎముకల డాక్టరుకు చూపించండి.

పలచటి అడుగున్న షూ కొనాలా అని కూడా అడిగారు. ఇప్పుడు వద్దు. మడమ వైపు ఎత్తు తక్కువున్న షూ పిక్క మీదా అకిలిస్ మీదా పనిని ఇంకా పెంచుతుంది, మీకు ఇప్పుడు కావలసింది దానికి వ్యతిరేకం. మీ పాత జత అడుగు ఒకవైపే అరిగిపోకపోతే దాన్నే వాడండి.