ముప్ఫై ఎనిమిదో నంబరు

అమ్మాయీ,

ఆశీస్సులు. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ మీద నీ వ్యాసం అందింది. ఫోన్‌లో చదవడానికి కళ్లు సహకరించక, సందు చివర షాపులో ప్రింటు తీయించుకుని చదివాను. 22 పేజీలు, 53 సినిమాలు, ఒకటో నంబరు నుంచి యాభై మూడు దాకా వరస. కష్టపడ్డావు, కాదనను.

38వ నంబరు దగ్గర ఆగిపోయాను. ‘ది మౌంటెన్ ఈగిల్, 1926. నెమ్మదిగా సాగుతుంది, ఓసారి చూడొచ్చు.’ ఎక్కడ చూశావు తల్లీ? ఆ సినిమా ప్రింటు ఇంతవరకూ దొరకలేదు. కొన్ని ఫొటోలు మిగిలాయి, అంతే. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వెతుకుతున్న సినిమాల జాబితాలో అదొకటి. హిచ్‌కాక్ మాత్రం అది పోయిందని ఏమీ దిగులు పడలేదు. చాలా చెత్త సినిమా అని ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో తనే అన్నాడు. తీసినవాడే వదిలించుకున్నదాన్ని, చూద్దామన్నా దొరకనిదాన్ని నువ్వు ఓసారి చూడమంటున్నావు.

కోపమొచ్చి పక్కన పడేశాను. రెండు రోజులయ్యాక మళ్లీ తీశాను. ఎందుకో తర్వాత చెబుతాను.

‘ఓసారి చూడొచ్చు’ అనేది మన సినిమా రాతలకు పట్టిన చీడ. నీ వ్యాసంలో పదకొండు చోట్ల ఉంది, పెన్సిల్‌తో గీతలు పెట్టి మరీ లెక్కేశాను. పైనున్న పది సినిమాలకు పేజీలు పేజీలు రాశావు. అట్టడుగున ‘టోపాజ్’ను తిట్టడానికీ ఓపిక చేసుకున్నావు. మధ్యలో ముప్ఫై సినిమాలు మాత్రం పెళ్లి బస్సులో వెనక సీట్ల చుట్టాల్లా కూర్చున్నాయి. ఎక్కారో లేదో అడిగినవాళ్లు లేరు.

‘వెర్టిగో’ను మొదట పెట్టడానికి ఏం కావాలి? ‘సైట్ అండ్ సౌండ్’ అనే బ్రిటిష్ సినిమా పత్రిక పదేళ్లకోసారి విమర్శకుల ఓట్లు అడుగుతుంది. 1958లో వచ్చిన ఈ సినిమా 1962లోనూ 1972లోనూ వాళ్ల మొదటి పదిలో లేదు. 1982లో చేరింది, 2012లో ఒకటో స్థానానికి వచ్చింది, 2022లో మళ్లీ రెండుకి దిగింది. ఇన్నేళ్లలో కథా మారలేదు, హీరోయిన్ కిమ్ నోవాక్ బూడిద రంగు సూటూ మారలేదు. నువ్వు 2012లో రాస్తే ఒకటి, 1972లో రాస్తే బహుశా పదిహేను. నీ మొదటి పదీ వాళ్లూ వీళ్లూ పెట్టిన పదే. నీ చూపేమిటో నాకు తెలిసేది మధ్యలోనే.

‘సస్పిషన్’నే తీసుకో. 24వ నంబరు, ‘క్యారీ గ్రాంట్ నటన బాగుంది.’ బాగుందిలే. కానీ అతను పాల గ్లాసు ట్రేలో పెట్టుకుని చీకట్లో మెట్లెక్కి వస్తాడు చూడు, అక్కడ నువ్వు అతని మొహం చూశావా? ఎవరూ చూడరు. ఆ తెల్లటి గ్లాసునే చూస్తారు. పాలు వెలుగుతుంటాయి. హిచ్‌కాక్ గ్లాసులో బల్బు పెట్టించాడు. పైన పెళ్లాం మంచమ్మీద ఉంది, మొగుడు తనను చంపుతాడేమోనని అనుమానం. అందులో విషం ఉందో లేదో మనకూ తెలియదు. ఆ సినిమా చూసొచ్చిన రాత్రి మా అమ్మ ఇచ్చిన పాలు తాగడానికి నేను కాసేపు వెనకాడాను, నవ్వకు. అంతా చేసి చివరికి అనుమానమంతా ఉత్తదేనని తేల్చేస్తారు. అంత పెద్ద హీరో హంతకుడు కాకూడదు కదా! తను అనుకున్న ముగింపు వేరని హిచ్‌కాక్ తర్వాత చెప్పుకున్నాడు. ఇప్పుడు చెప్పు, ఆ గ్లాసుకు ఎన్నో నంబరు, ఆ ముగింపుకు ఎన్నో నంబరు? రెండూ కలిపి 24 అంటే ఆ లెక్క ఎలా వచ్చిందో రాయాలా వద్దా?

నేనేదో పుట్టుకతో నేర్చుకుని వచ్చానని అనుకోకు. ఎనభైల్లో విజయవాడలో ‘సైకో’ మార్నింగ్ షో వేశారు. బస్సు దొరక్క పావుగంట ఆలస్యంగా వెళ్లాను. టార్చిలైటు పట్టుకున్న కుర్రాడు నన్ను తీసుకెళ్లి కూర్చోబెట్టేసరికి తెర మీద హీరోయిన్ జానెట్ లీ పెట్టె సర్దుకుంటోంది, మంచమ్మీద దొంగిలించిన డబ్బు కవరు. ఇంటికొచ్చి ఏం రాశానో తెలుసా? ‘ఏ ఉపోద్ఘాతమూ లేకుండా తిన్నగా డబ్బు కవరు మీద కథ ఎత్తుకోవడంలోనే దర్శకుడి ప్రతిభ ఉంది.’ అచ్చయింది కూడా. వారానికి ఒక పాఠకుడి కార్డు వచ్చింది: ‘అయ్యా, తమరు ఇంకాస్త ముందొస్తే ఉపోద్ఘాతం కూడా ఉండేది.’ హోటల్ గదిలో ఆమె, ప్రియుడు, పెళ్లికి అడ్డొస్తున్న అప్పులు... ఆ దొంగతనం ఎందుకో చెప్పే సీనంతా నాకు ఎగిరిపోయింది. అసలు తమాషా ఏమిటంటే, 1960లో ఆ సినిమా విడుదలైనప్పుడు ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ పట్టుబట్టాడు. నాలాంటివాళ్ల కోసమే అయ్యుంటుంది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

అదే సినిమా విడుదలకు ముందు ఆయన భార్య ఆల్మా చూసి, చచ్చిపడున్న జానెట్ లీ గుటక వేసినట్టు కనిపించిందని పట్టుకుందట. అంతమంది చూశారు, ఎవరికీ కనబడలేదు.

నంబర్ల గొడవ నాకు మొదట నేర్పింది ఒక వారపత్రిక సంపాదకుడు. ‘రియర్ విండో’ మీద నాలుగు పేజీలు రాసిచ్చాను. అందులో రెండు పేరాలు ఒక సిగరెట్టు మీదే. కుక్కపిల్ల చచ్చిపోతే దాని యజమానురాలు ఏడుస్తూ కేకలేస్తుంది, చుట్టూ ఉన్న వాటాల్లోవాళ్లందరూ బయటికొస్తారు. ఒక్కడు రాడు. వాడి కిటికీ చీకటి, లోపల సిగరెట్టు కొస మాత్రం ఎర్రగా వెలిగి తగ్గుతుంటుంది. ‘పాఠకుడికి ఇంత తీరిక ఉండదండీ’ అన్నాడాయన. ఆరు లైన్లకు కుదించి, పక్కన డబ్బా కట్టి, మూడున్నర మార్కులు తనే వేసుకున్నాడు. సినిమా చూశారా అని అడిగాను. ట్రైలరు చూశాట్ట! ఇప్పుడు ఆ డబ్బా ఒక్కటే మిగిలింది, ఆరు లైన్లు కూడా ఎవరూ చదవడం లేదు. సరే, నా ఏడుపు నీకెందుకు.

మళ్లీ ఎందుకు తీశానో చెబుతానన్నాను కదా. 9వ నంబరు, ‘షాడో ఆఫ్ ఎ డౌట్’. నిర్మాణ విలువలు, నేపథ్య సంగీతం అన్నీ రాసుకుంటూ పోయి, చివర బ్రాకెట్లో ఒక వాక్యం పెట్టావు: ‘మేనమామ ఆ పిల్లకు ఉంగరం తొడుగుతుంటే మా మావయ్య పెట్టిన గాజులు గుర్తొచ్చాయి, సినిమా ఆపేసి అమ్మకు ఫోన్ చేశాను.’ ఆ వాక్యం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

1943 నాటి సినిమా, ఎక్కడో శాంటా రోజా అనే ఊరు. అయినా తల్లి తమ్ముడు ఊరి నుంచి వస్తున్నాడంటే ఆ ఇంట్లో జరిగే హడావుడి మనిళ్లలోదే. ఆ ఉంగరం లోపల ఇంకెవరివో అక్షరాలుంటాయి. ఆ పిల్ల చూస్తుంది. భోజనాల దగ్గర ఆయన డబ్బున్న విధవల గురించి అసహ్యంగా మాట్లాడుతుంటాడు. వాళ్లూ మనుషులే కదా అంటుంది పిల్ల. ఆయన తల తిప్పి తిన్నగా మనవైపు చూసి, ‘అవునా?’ అంటాడు. అంతవరకూ పక్కనుంచే కనబడిన మొహం. ఆఖరికి ఊరంతా ఆయన్ను పెద్దమనిషి అని సాగనంపుతుంది. తమ్ముడు అలాంటి విధవల్ని చంపినవాడని తల్లికి ఎప్పటికీ తెలియదు, పిల్ల చెప్పదు.

నువ్వు మాత్రం మీ అమ్మకు ఫోన్ చేశావు. అది తీసుకెళ్లి బ్రాకెట్లో పెట్టావు!

పుస్తకంగా వేస్తే ముందుమాట రాస్తారా, హిచ్‌కాక్ తర్వాత స్పీల్‌బర్గ్ పట్టుకోనా అని అడిగావు. ఆ సంగతులు ఇప్పుడొద్దు. ముందు 38వ నంబరు కొట్టెయ్. మధ్యలో ముప్ఫై సినిమాల్లో నిజంగా చూసినవి ఎన్నో నిజాయితీగా టిక్కు పెట్టుకో, మిగతావి వదిలెయ్. జాబితా సగానికి తగ్గినా నాకేం అభ్యంతరం లేదు. బ్రాకెట్లు తీసెయ్, లోపలి వాక్యం ఉంచు.

ఆ రోజు ఫోన్‌లో మీ అమ్మ ఏమందో రాయలేదు. రాస్తే ఆ పేజీ ఒక్కటే పంపు.

ఉంటాను.