బోల్టుల మీద రాసే అబ్బీకి

ప్రొద్దుటూరు

అబ్బీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివినా. అధిక పీడన పాత్రల ఫ్లాంజీలకు (రెండు భాగాలను బోల్టులేసి కలిపే వెడల్పాటి అంచులకు) బోల్టులు ఎంచే పని గురించి తెలుగులో రాయాలని కూర్చున్నావు, అదే నాకు పెద్ద సంతోషం. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో, తుమ్మలపల్లె యురేనియం మిల్లులో పనికి చేరే మన పిల్లలకు ఇట్లాంటి రాత కావాల.

అయితే మొదటి వాక్యంలోనే దారి తప్పినావు. "ఎంత గట్టి బోల్టయితే అంత మంచిది" అన్నావు. కాదు. బోల్టు పని సాగడం. బిగిస్తే వెంట్రుకవాసి సాగి, మళ్లీ వెనక్కి పోవాలని లాగుతుంది. ఆ లాగుడే ఫ్లాంజీల నడుమ కారకుండా పెట్టే పొరను, అంటే గాస్కెట్‌ను అదిమి పట్టేది. చెనిక్కాయ కట్టె బండికి మీ నాయన మోకు లాగి కట్టేది చూసుంటావు. కాసేపటికి కట్టె అణిగి మోకు వదులైతే మళ్లీ లాగుతాడు. గాస్కెట్ కూడా అట్లే అణుగుతుంది. అందుకే నాలుగు గంటలు ఆగి, పీడనం ఎక్కించక ముందే ఇంకోసారి బిగిస్తారు. ఆడ మొదలుపెట్టు.

లెక్కలో రెండు బలాలు రావాల. ఒట్టి పాత్రలో గాస్కెట్‌ను కూర్చోబెట్టేది ఒకటి. పీడనం ఫ్లాంజీలను విడదీస్తున్నా గాస్కెట్ మీద అదుము మిగిల్చేది రెండోది. ఏది ఎక్కువ బోల్టు వైశాల్యం అడిగితే అదే ఖాయం. నువ్వు రెండోదే రాసినావు.

బీ7 అనే ఉక్కు రకం స్టడ్డు (తల లేని బోల్టు) కనీస తన్యత బలం (తెగేదాకా ఓర్చే లాగుడు), రెండున్నర అంగుళాల సైజు దాకా, 860 మెగాపాస్కల్. పీడన పాత్రలకు అమెరికా ఇంజనీర్ల సంఘం పెట్టిన నియమావళి, ఏఎస్ఎంఈ సెక్షన్ 8 డివిజన్ 1, మామూలు వేడిమిలో ఒప్పుకునేది 172. ఐదో వంతు! ఇంత తక్కువెందుకని చదివేవాడు ఆగిపోతాడు. ఆ 172 బోల్టు సైజు తేల్చే లెక్కకే. బిగించేటప్పుడు చాలాచోట్ల దానికి రెట్టింపు దాకా లాగుతారు. ఈ ముక్క విడమరచడానికి పేజీ పట్టినా పట్టనీ, ఇంజనీర్లు కూడా ఈడే తడబడతారు.

హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలే చోట కాఠిన్యం తగ్గించిన బీ7ఎం వేస్తారు, మరీ గట్టిదైతే పగులుతుందని. నీ మొదటి వాక్యానికి జవాబు ఇదే.

నా తొలి వ్యాసంలో టార్కు (నట్టును తిప్పే బలం) అంకె వేసి గ్రీసు మాట వదిలేసినా. ఒక ఫిట్టరన్న చదివి, "పొడి మరకా, గ్రీసు పూసిన మరకా?" అని అడిగినాడు. బదులు చెప్పలేకపోయినా. పానా మీద పెట్టిన శ్రమలో సుమారు పదో వంతే బోల్టును సాగదీస్తుంది, తక్కిందంతా నట్టు కింద, మరల్లో రాపిడికే పోతుంది. గ్రీసు మారితే అంకె మారుతుంది.

తిరగరాసినాక నాకు పంపే ముందు ఒక ఫిట్టరుకు చదివి వినిపించు. ఆయన ఆపి అడిగిన చోటల్లా గీత పెట్టుకుని రా.