తెరకి ఇటువైపు నుంచి రాయి

చెల్లెమ్మా,

నీ సిజేరియన్ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, రెండోసారి రాత్రి ఎర్ర పెన్ను పట్టుకుని. కాన్పుల వార్డు థియేటర్లో టెక్నీషియన్‌గా చేస్తూ, నైట్ డ్యూటీల మధ్య ఆరు పేజీలు రాశావంటే ముచ్చటేసింది. నేనూ ముప్పై ఏళ్లు అదే ట్రాలీ దగ్గర నిలబడ్డదాన్నే కదా, మొహమాటం లేకుండా చెప్తాను, ఏమనుకోకు.

రెండో పేజీలో "ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవులు వణికాయి" అన్నావు. ఎక్కడి నుంచి చూశావమ్మా? తల్లి గుండెల మీద ఆకుపచ్చ గుడ్డ అడ్డంగా కట్టి ఉంటుంది, దానికి అటువైపు మత్తు డాక్టరు, ఇటువైపు నువ్వు. నీకు కనపడేది పొట్ట, సర్జన్ చేతులు, నీ ట్రే, అంతే. స్పైనల్, అదే వెన్నులో మత్తు సూది, ఇచ్చాక ఆవిడ మెలకువగానే ఉంటుంది గనక గొంతు మాత్రం వినిపిస్తుంది. ఎంతమంది కడుపుల్లోకి చూసి ఉంటామో, వాళ్లే రేపు సంతలో మన పక్కన నిలబడి వంకాయలు ఏరుతున్నా గుర్తుపట్టలేం. ఒకసారి పాతపట్నం బస్సులో వెనక సీట్లోంచి "అమ్మా, ఇంకెంతసేపు" అని ఎవరో అంటే ఒళ్లు జలదరించింది, ఆ గొంతు నేను టేబుల్ మీద విన్నదే. వెనక్కి తిరిగి చూడలేదు. నీ కథ ఆ గుడ్డకి ఇటువైపు ఉంది, అటువైపు వెతుకుతున్నావు.

చిన్న విషయాలు వదిలేశావు. కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి తల్లిని కాస్త ఎడమకి వాలుస్తాం కదా, గర్భం బరువు పెద్ద రక్తనాళం మీద పడి బీపీ పడిపోకుండా. ఆ దిండు ఒక్కటి కథలో ఉంటే చాలు, నువ్వు నిజంగా ఆ గదిలో ఉన్నావని పాఠకుడు నమ్ముతాడు.

మాప్‌ల లెక్క, అదే నెత్తురు అద్దే గుడ్డల లెక్క గురించి "లెక్క సరిపోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథంతా అక్కడే ఉంది! కోతకి ముందొకసారి, గర్భసంచి మూసేముందు, పొట్ట మూసేముందు, చర్మం కుట్టేముందు మళ్లీ. ఒక రాత్రి, ఆసుపత్రి పేరెందుకులే, నెత్తురు ఎక్కువ పోతోందని పదికి ఇంకో అయిదు తెప్పించాం, పొట్ట మూసేటప్పుడు చూస్తే పద్నాలుగే. నువ్వే తప్పు లెక్కపెట్టి ఉంటావు, కుట్టేద్దాం అన్నారు సర్జన్ గారు. నాకప్పటికి ఉద్యోగంలో రెండో ఏడు. "సార్, ఒకటి తక్కువుంది" అని మళ్లీ అన్నాను, గొంతు ఎండిపోయింది. బకెట్ బోర్లించాం, నేలంతా చూశాం, ఆయన లోపల చెయ్యి పెట్టి వెతికారు. చివరికి మాయ వేసిన బేసిన్ అడుక్కి అంటుకుని దొరికింది, తడిసి నల్లగా, అరచేతి పాటి ముద్ద. ఆయన ఏమీ అనలేదు, సూది అందుకున్నారు. ఆ మౌనాన్ని ఇప్పటికి మూడు కథల్లో రాయబోయాను, కుదరలేదు. నువ్వు ప్రయత్నించు.

భాష సంగతి. నీ సర్జన్ చేత "శస్త్రచికిత్స జయప్రదమైనది" అనిపించావు. మన థియేటర్లో అలా మాట్లాడేవాళ్లని చూశావా? డాక్టరు "డొరొ నాహిఁ" అని ఒడియాలో ధైర్యం చెప్తారు, నర్సు తెలుగులో కసురుతుంది, గుమ్మా కొండల నుంచి వచ్చిన సవర పిల్లకి రెండూ అందవు. 1880లో గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా చేరింది ఈ పర్లాకిమిడిలోనే. సవరలు మాట్లాడేది విని నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ చేసిన మనిషి. తెలుగులోనూ జనం మాట్లాడేదే రాయమని పోట్లాడాడు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిస్తే రాజమండ్రి వెళ్లిపోయాడు. ఆయన తిరిగిన వీధుల్లో ఉంటూ 'జయప్రదమైనది' అని రాస్తే ఎలా? అలిస్ ఫోర్సెప్స్ అనే పట్టకారుని అలిస్ అనే రాయి, అది ఏం పట్టుకుంటుందో చూపిస్తే చాలు.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. కేసు షీట్‌లోంచి ఒక్క ముక్క ఎత్తకు. మనది చిన్న ఊరు. నేను ఊరి పేరు మార్చి, కవల పిల్లల సంగతి మార్చకుండా ఒక కథ వేశాను. వాళ్ల అత్తగారు పత్రిక పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. తిట్టలేదు. "మా కోడలికి ఈ సంగతి ఇంకా చెప్పలేదమ్మా" అంది. తర్వాత ఏడాది పాటు ఏమీ రాయలేకపోయాను.

ముగింపులో బిడ్డ ఏడుస్తుంది, అందరూ నవ్వుతారు. సరే, మంచిదే. కానీ అప్పటికి మన పని సగమే కదా అయింది. ఫోర్సెప్స్ కీలు దగ్గర ఎండిన నెత్తురు బ్రష్‌తో తోమాలి, ప్యాక్ కట్టాలి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి దాకా ఎక్కించాలి, వేడి సరిగ్గా తగిలిందా అని ప్యాక్ టేపు మీద గీతలు నల్లబడ్డాయో లేదో చూడాలి. ఈలోగా బయట నుంచి ఇంకో స్ట్రెచర్ చప్పుడు. అక్కడ ఆపి చూడు.

తిరగరాసి పంపు, ఈసారి పేజీకి ఒకవైపే రాయి, అక్షరాలు కాస్త పెద్దవిగా. ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉంటాను, డ్యూటీ దిగి నేరుగా వచ్చెయ్, భోజనానికి ఉందువుగాని.

మీ అక్క