రెండు మిల్లీమీటర్ల తేడాకి చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది విశాఖ మద్దిలపాలెం. నా దగ్గర పాత ఫియట్ లీనియా ఉంది. ఇరవై రోజుల క్రితం 46 వేలు పెట్టి అల్లాయ్ చక్రాలు వేయించాను. బోల్టు రంధ్రాల కొలత కొంచెం తేడా ఉందని షాపతనే వాట్సాప్‌లో చెప్పాడు, "రెండు మిల్లీమీటర్లే సార్, గట్టిగా బిగిస్తే కూర్చుంటుంది" అని. మామూలు బోల్టులతోనే బిగించాడు. ఇప్పుడు అనకాపల్లి రోడ్డులో ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది. పోలీసులు ఫైన్ వేస్తారా? యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వస్తుందా? షాపతను డబ్బు వెనక్కి ఇవ్వనంటున్నాడు, బిల్లు కూడా లేదు. పోనీ మా బావమరిదికి స్విఫ్ట్ ఉంది, అతనికి అమ్మేయవచ్చా?

జవాబు: చట్టం సంగతి తర్వాత చూద్దాం, పాత రిమ్ములు ఇంట్లో ఉంటే ముందు ఇవాళే అవి మార్పించేయండి. బళ్లకి పూజ చేయించే సంపత్ వినాయకుడి గుడి దగ్గర ఎన్ని నిమ్మకాయలు తొక్కించినా ఆ బోల్టులు నిలబడవు. బోల్టు రంధ్రాల మధ్యల గుండా వలయం గీస్తే దాని వ్యాసాన్ని పీసీడీ అంటారు. లీనియా పీసీడీ 4×98, అంటే నాలుగు బోల్టులు, 98 మిల్లీమీటర్లు; మీరు కొన్నవి 4×100. వ్యాసంలో రెండు తేడా కాబట్టి ఒక్కో బోల్టు దగ్గర ఒక మిల్లీమీటరు పక్కకి జరిగి ఉంటుంది. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. ఒక కేసులో అలాంటి బోల్టు నా టేబుల్ మీదకి వచ్చింది. దాని కోను, అంటే రిమ్ముకి ఆనే ఏటవాలు భాగం, ఒక పక్క మాత్రమే అద్దంలా అరిగిపోయి ఉంది, అర్ధచంద్రుడి ఆకారంలో, రెండో పక్క రంగు కూడా పోలేదు. రిమ్ముకి మొత్తం ఆనాల్సిన బోల్టు ఒక అంచు మీద వేలాడుతోందన్నమాట. అలా కూర్చున్నది వదులవుతుంది, వంగుతుంది, ఏదో ఒకరోజు విరుగుతుంది. ఇలాంటి తేడా కోసమే కోను విడిగా కదిలే వాబుల్ బోల్టులని ఉంటాయి, మీ షాపతను అవి కూడా వేయలేదు.

ఇక ఫైన్. అందరూ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటారు. దాని ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. కానీ చక్రం రంధ్రాల కొలత ఆర్‌సీలో రాసి ఉండదు కాబట్టి 52 మీద వాదించడానికి చోటుంది. నా లెక్కలో మీకు అసలు ముప్పు సెక్షన్ 190. ప్రమాదం తెచ్చే లోపం బండిలో ఉందని తెలిసినా, మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉన్నా, దాన్ని రోడ్డు మీద నడిపితే 1,500 దాకా జరిమానా. ఆ లోపం వల్ల ఎవరికైనా గాయమో ఆస్తి నష్టమో అయితే మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేలు, లేదా రెండూ. ప్రాణమే పోతే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106(1), నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు ఐదేళ్ల దాకా జైలు. ఎన్ఏడీ జంక్షన్‌లో ఆపిన కానిస్టేబుల్ మీ బోల్టులు కొలవడు, నిజమే. యాక్సిడెంట్ అయ్యాక కొలుస్తారు. ఆ రోజు "నాకు తెలియదండీ" అనడానికి మీకు దారి లేదు, షాపతని మెసేజ్ మీ ఫోన్లోనే ఉంది, దానికి తోడు ఇప్పుడు నాకూ రాశారు.

ఇన్సూరెన్స్‌లో రెండు సంగతులు వేరువేరు. ఎదుటివాళ్లకి తగిలిన నష్టానికి థర్డ్ పార్టీ కింద కంపెనీ కట్టాల్సిందే, ఎందుకంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో కంపెనీ తప్పించుకోవడానికి ఇచ్చిన కారణాల్లో బండి లోపం లేదు. అయితే రెన్యువల్ ఫారంలో మార్పులేమైనా ఉన్నాయా అని అడిగిన చోట లేవని రాస్తే, దాచిపెట్టారన్న వాదన అదే సెక్షన్ కింద వస్తుంది, అక్కడ అబద్ధం వద్దు. మీ సొంత బండి నష్టం దగ్గరే పేచీ. బండిని సరిగా ఉంచుకోవాలని పాలసీ షరతుల్లోనే ఉంటుంది, సర్వేయర్ చక్రం ఊడిన ఫోటో తీస్తే క్లెయిమ్ తిప్పికొడతారు. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి ఎవడో గుద్దాడనుకోండి, దానికీ చక్రానికీ ఏం సంబంధమని అడగొచ్చు. అమలేందు సాహు కేసులో 2010లో సుప్రీంకోర్టు షరతు తప్పినా క్లెయిమ్ పూర్తిగా కొట్టేయకుండా 75 శాతం ఇప్పించింది. అది సొంత కారుని అద్దెకి తిప్పిన కేసు, మీకు అచ్చంగా వర్తిస్తుందని మాటివ్వను.

షాపు సంగతికి వస్తే మీ చేతిలో బలం ఉంది, టైమ్ లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేదీ రాయకపోతే ముప్ఫై రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనన్నా అదే తప్పు. మీకింకా పది రోజులున్నాయి. రేపే స్పీడ్ పోస్టులో, రసీదుతో, నోటీసు పంపండి: ఏ తేదీన ఎంత కట్టారు, మీ కారు కొలతేంటి, ఇచ్చిన చక్రాల కొలతేంటి, అంతే, తిట్లు రాయకండి. బిల్లు లేదని టెన్షన్ పడకండి, యూపీఐలో కట్టి ఉంటే ఆ చెల్లింపు రికార్డు చాలు. వాట్సాప్ మెసేజ్ తుడిచేయకండి, కోర్టులో పెట్టాలంటే ఫోన్లోని రికార్డు అసలైనదేనని చెప్పే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. "తెలిసే వేయించుకున్నాడు" అని షాపతను కచ్చితంగా అంటాడు. దానికి జవాబు, కొలత తేడా చెప్పింది అతనే, ఏం కాదని భరోసా ఇచ్చిందీ అతనే. రోజూ చక్రాలు బిగించేవాడి మాట నమ్మడం మీ తప్పు కాదు. ఇవ్వకపోతే విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినా కొన్నిసార్లు షాపులు దిగొస్తాయి.

బావమరిదికి అమ్మొచ్చు, స్విఫ్ట్ పీసీడీ 4×100 కాబట్టి బోల్టు రంధ్రాల కొలత సరిపోతుంది, ఆఫ్‌సెట్టూ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) మధ్య రంధ్రం కొలతా కూడా చూపించి అమ్మండి. కాకపోతే కేసు తేలేదాకా ఆగండి, ఆ చక్రాలే మీ సాక్ష్యం. ఉప్పుగాలి తగలకుండా గోనెసంచి కప్పి లోపల పెట్టండి, విప్పిన బోల్టులని ఫోటో తీసి, తేదీ రాసిన కవర్లో విడిగా దాచండి, తుడవొద్దు.